పచ్చిక కింద వాటం: పాలమూరు మట్టిపని నుంచి హైడ్రోసీడింగ్ దాకా

ఈసారి ఎపిసోడ్‌లో కోటలు లేవు, యుద్ధాలు లేవు. మట్టి ఉంది. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఒక్క రాత్రి వానకు కొట్టుకుపోయిన నా లక్షన్నర రూపాయలు ఉన్నాయి. ఆ డబ్బు ఎట్లా పోయిందో తెలుసుకుందామని మొదలుపెడితే, మా ఇంట్లోనే ఇన్నేళ్లు ఎవరూ అడగని ఒక చరిత్ర బయటపడింది. అదే ఇవాళ్టి ముచ్చట. లాన్ వేసుకోవాలనే ఆలోచన ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతులు కూడా మధ్యలో వస్తాయి, చివరిదాకా చూడండి.

ఆరో రోజు రాత్రి

నేను బీటెక్ చేసి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు కోడ్ రాసి, ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టినోణ్ని అని రెగ్యులర్‌గా చూసేవాళ్లకు తెలుసు. మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు. మెకానికల్ డిప్లొమా చేసిండు. మహబూబ్‌నగర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ ముందర లాన్ వేసే ఆర్డర్ పట్టుకున్నడు. ఎనిమిది వందల గజాలు. వాడి మొట్టమొదటి ఆర్డర్. పెట్టుబడికి నన్ను అడిగితే ఇచ్చిన.

మన దగ్గర లాన్ అంటే మామూలుగా ఏం చేస్తారు? నర్సరీ నుంచి గడ్డి పలకలు డీసీఎంలో తెచ్చి చాపలాగా పరుస్తారు. లేదంటే గడ్డి పిలకలు తెచ్చి కూలీలతో ఒక్కొక్కటి నాటిస్తారు. మా వాడికి రెండూ నచ్చలేదు. యూట్యూబ్‌లో హైడ్రోసీడింగ్ చూసిండు. ఒక ట్యాంకులో నీళ్లు, గడ్డి గింజలు, కాగితం గుజ్జు లేదా చెక్క పీచు, కొంచెం ఎరువు, కొంచెం జిగురు వేసి చిక్కగా కలుపుతారు. ఎక్కడ పడిందో కనపడటానికి ఆకుపచ్చ రంగు వేస్తారు. ఆ ద్రావణాన్ని పైపుతో నేల మీద చల్లుతారు, అంతే. గుజ్జు తడిని పట్టి ఉంచుతుంది, జిగురు గింజను నేలకు అంటిపెట్టి ఉంచుతుంది, పదిహేను రోజుల్లో మొలక.

పెద్ద మెషిన్ కొనే స్తోమత లేదు కాబట్టి పాత వాటర్ ట్యాంకర్‌కు మడ్ పంపు బిగించినం. లోపల కలపడానికి వాడే ఒక తెడ్డు వెల్డింగ్ చేసిండు. పాత పేపర్లు నానబెట్టినం. ఆరు కిలోల బెర్ముడా గింజలు తెప్పించినం. జూన్ నెలలో ఒక పొద్దున రెండు గంటల్లో మొత్తం చల్లేసినం. చూడటానికి అంత ఏటవాలు నేల పచ్చరంగు పూసినట్టు మెరిసింది. నేను డ్రోన్ షాట్ కూడా తీసిన.

ఆరో రోజు రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి పోయి చూస్తే పై భాగంలో ఎర్రమట్టి మాత్రమే మిగిలింది. మధ్యలో చెయ్యి పట్టేంత లోతు గాడులు పడ్డయి. గింజ, గుజ్జు, జిగురు, రంగు అన్నీ కలిసి కింద ప్రహరీ గోడకాడ బురదలాగా పేరుకున్నయి. ఓనర్ ఒక్కటే మాట అన్నడు: "పైసల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు గేటుకాడ ఈ బురద ఎత్తండి."

పెద్దనాయన చెంబు

మా పెద్దనాయన పద్నాలుగేళ్ల వయసులో మట్టిపనికి పోయినోడు. ఇప్పుడు డెబ్బై దాటింది. ఇంట్లో ఆయన ముందర మేం చదువుకున్నోళ్లం, ఆయన చదువురానోడు. అదే లెక్క. ఆ రోజు తమ్ముడు ఏడుస్తున్నడని తెలిసి, బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకపొమ్మన్నడు.

వచ్చి ఏం మాట్లాడలే. ఒక చెంబులో నీళ్లు అడిగిండు. పైన, ఇంటి అరుగు పక్కన నిలబడి, ఆ నీళ్లు మెల్లగా నేల మీద పోసి చూసుకుంట కూసున్నడు. నీళ్లు ఒక్కచోట కూడి, మా గాడిలోనే పడి ఉరికినయి.

"ఈ నేల ఎవరు సూసిండ్రురా?"

"ఎవరూ చూడలే పెద్దనాయనా. జేసీబీతోని సాపు చేయించినం."

"సాపు జేసుడు ఏరు, వాటం జూసుడు ఏరు. నీళ్లు ఎటు పోతయో సూడకుండ గింజ ఎట్ల సల్లిండ్రు? గింజది తప్పు లేదు బిడ్డా."

ఆయన అన్న ఆ మాటను ఇంజనీరింగ్ భాషలో సైట్ గ్రేడింగ్ అంటారు. పునాది దగ్గర నుంచి నీళ్లు బయటికి పోయేలా, ఎక్కడా నిలవకుండా, ఎక్కడా ఉరకకుండా నేలకు వాటం ఇవ్వడం. అమెరికా ఇళ్ల నిర్మాణ నిబంధనల్లో దీనికి ఒక లెక్క ఉంది: గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలి. నేను ఆ రాత్రి ఇది చదివి గొప్పగా పెద్దనాయనకు చెప్తే, "జానెడు కంటే ఇంత తక్కువ. అవు, సరిపోతది" అన్నడు. ఆయనకు అది కొత్త విషయం కాదు.

అప్పుడు అడిగిన, నీకు ఇవన్నీ ఎక్కడ తెలిసినయి అని. ఆయన జీవితంలో నేను అట్ల అడగడం అదే మొదటిసారి. నాకు ఇరవై ఎనిమిదేళ్లు.

ఏడు వందల ఏళ్ల వాటం

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. ఎందుకంటే వాన, ఏటవాలు, ఎర్రమట్టి, ఈ మూడింటితో కొట్లాట మన ప్రాంతానికి కొత్త కాదు.

నల్గొండ పక్కనే పానగల్లులో ఉదయసముద్రం చెరువు ఉంది. కాకతీయుల కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల్లో ఉదయ చోడుడి పేరు మీద దానికి ఆ పేరు వచ్చిందని చెప్తారు. ఇప్పటికీ అది పనిలో ఉంది. కృష్ణా నీళ్లు వచ్చి అక్కడ నిలుస్తాయి, నల్గొండ పట్టణం తాగుతుంది. అన్ని వందల ఏళ్ల కింద ఎన్నుకున్న జాగా ఈ రోజుకు కూడా రిజర్వాయర్‌గా పనికొస్తుందంటే, నేల వాటం చదివినవాళ్ల కన్ను ఎట్లాంటిదో ఆలోచించండి.

చెరువు కట్టను ఒకసారి అడ్డంగా కోసినట్టు ఊహించుకోండి. నీళ్లవైపు అలల దెబ్బ తగులుతుంది, అందుకే అటువైపు రాయి పేరుస్తారు. బయటివైపు అలలు లేవు, వాన దెబ్బ ఉంది. అటువైపు గడ్డి పెరగనిస్తారు. గడ్డి వేర్లు మట్టిని అల్లుకుంటాయి, ఆకులు చినుకు దెబ్బను ఆపుతాయి. ఇప్పటి మట్టి డ్యాముల్లో కూడా ఇదే పద్ధతి. నీళ్లవైపు రాతి పరుపు, బయటివైపు పచ్చిక.

చినుకు దెబ్బ అంటే నవ్వొస్తుందేమో. పెద్ద వాన చినుకు నేలను తాకేటప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఎలిసన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1940లలో దీని మీద ప్రయోగాలు చేసి, మట్టి కొట్టుకుపోవడం పారే నీళ్లతో కాదు, చినుకు దెబ్బతోనే మొదలవుతుందని చూపించాడు. చినుకు మట్టి రేణువును విడగొడుతుంది, పారే నీరు దాన్ని మోసుకెళ్తుంది. మన చల్క నేలల్లో ఇంకో ఇబ్బంది ఉంది. విడిపోయిన సన్నమట్టి సందుల్లో కూరుకుని పై పొర బిగుసుకుంటుంది. ఇక నీళ్లు లోపలికి దిగవు, పైనే ఉరుకుతాయి. మా లాన్‌కు ఆ రాత్రి జరిగింది కూడా ఇదే.

తెలుగు నేల మీద చెరువు కట్టడం గురించి వివరంగా చెప్పే శాసనం ఒకటి కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. 1369 నాటిది, సంస్కృతంలో ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. మధ్యలో నేల ఎత్తుగా ఉండటం ఇంకో దోషం. అంటే వాటం సరిగ్గా లేకపోవడం. పనికి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా రాశారు.

రాజు పేరు తెలుసు మనకు. వెయ్యి మంది మాత్రం వెయ్యి అనే అంకెగానే మిగిలారు.

పాలమూరు లేబర్

ఇప్పుడు పెద్దనాయన దగ్గరికి వద్దాం. మహబూబ్‌నగర్ అసలు పేరు పాలమూరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో పేరు మార్చారు. జనం నోట్లో మాత్రం పాలమూరు పోలేదు. దేశమంతా ఆ పేరు వెనక ఇంకో మాట చేరింది: పాలమూరు లేబర్.

విచిత్రం చూడండి. కృష్ణా నది తెలంగాణలో మొదట అడుగుపెట్టేది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే. పక్కనుంచి తుంగభద్ర. మధ్యలో మెట్ట భూములు, వాన మీదనే ఆశ. వాన రాకపోతే జనం మూట కట్టుకుని డ్యాముల పనికి, కాలువల పనికి, రోడ్ల పనికి పోయేవాళ్లు. వేరే ఊళ్ల పొలాలకు నీళ్లు పారే కాలువలు తవ్వి, ఉగాదికి ఎండిన ఊరికి తిరిగొచ్చేవాళ్లు.

మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. గుంపును కడతాడు. మొగుడు, పెళ్లాం జోడీగా పోతారు. ఆయన గడ్డపార, పార. ఆమె తట్ట. అడ్వాన్స్ తీరేదాకా వెనక్కి రావడానికి లేదు, తీరిందో లేదో చెప్పే లెక్క మేస్త్రీ చేతిలో ఉంటుంది. ఇట్లా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లే కూలీల కోసం పార్లమెంటు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. 2025లో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చేదాకా, ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది వలస కార్మికులు ఉన్న చోట వర్తించిన చట్టం. ఆ చట్టం పేరు ఎప్పుడన్న విన్నవా అని పెద్దనాయనను అడిగిన. "మాకు మేస్త్రీ మాటనే సట్టం" అన్నడు.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఇంజనీరింగ్ హాస్టల్‌లో నన్ను కొందరు "ఏం రా పాలమూరు లేబర్" అని పిలిచేవాళ్లు. నవ్వేవాణ్ని. లోపల సిగ్గయ్యేది. ఊరెక్కడ అంటే "హైదరాబాద్ దగ్గర" అని చెప్పేవాణ్ని. ఆ మాట ఒక తిట్టు అనుకున్న. అది ఒక పని పేరు అని నాకు ఎవరూ చెప్పలే, నేనూ అడగలే.

ఇప్పుడు వినండి, ఆ పనిలో ఎంత లెక్క ఉందో. వంద మంది కలిసి ఒక పెద్ద గుంత తవ్వారు. ఎంత మట్టి తీశారో రేపు కొలవాలి, దాన్ని బట్టి కూలీ. నేల ముందే ఎత్తుపల్లాలుగా ఉంటే, తవ్విన తర్వాత పాత నేల ఎక్కడిదాకా ఉండేదో ఎట్లా తెలుస్తుంది? అందుకే గుంత మధ్యలో అక్కడక్కడ కొంచెం మట్టి తవ్వకుండా దిబ్బలాగా వదిలేస్తారు. దాని నెత్తి మీద పాత గడ్డి అట్లాగే ఉంటుంది. ఆ దిబ్బ ఎత్తు కొలిస్తే తవ్విన లోతు వస్తుంది. కొలత అయ్యాక దాన్నీ తీసేస్తారు. కాలువ పక్కన పాత ఫొటోల్లో గుంతల మధ్య మట్టి స్తంభాలు కనపడితే అవి ఇవే. పెద్దనాయన చెప్పిన ఇంకో మాట: ఆ దిబ్బ ఎత్తు ప్రదేశంలో వదిలితే కూలీలకు లాభం, పల్లంలో వదిలితే కాంట్రాక్టర్‌కు లాభం. అందుకే ఎక్కడ వదలాలనే దాని మీదనే పొద్దున పొద్దున లొల్లి అయ్యేదట.

నందికొండ దగ్గర

మట్టిపని చరిత్రలో మన ప్రాంతానికి అతి పెద్ద పేజీ నాగార్జునసాగర్. నల్గొండ జిల్లా నందికొండ దగ్గర 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మధ్యలో పన్నెండేళ్లు.

మనం ఫొటోల్లో చూసేది 26 గేట్లున్న రాతి డ్యాం. పొడవు దాదాపు 1,450 మీటర్లు. కాంక్రీట్ బదులు రాతి కట్టడం ఎందుకు ఎంచుకున్నారు? దేశం దగ్గర యంత్రాలు తక్కువ, సిమెంట్ తక్కువ, విదేశీ మారకం ఇంకా తక్కువ. మనుషులు మాత్రం ఉన్నారు. వేల మంది సారువల మీద వరుసగా ఎక్కి రాళ్లు తలమీద మోశారు.

అయితే సెల్ఫీల్లో రాని భాగం ఇంకోటి ఉంది. ఆ రాతి డ్యాంకు రెండు పక్కలా మట్టి కట్టలు. రెండూ కలిపి మూడు కిలోమీటర్ల పైమాటే. పొడవులో చూస్తే సాగర్‌లో ఎక్కువ భాగం మట్టే. మట్టిని పొరలు పొరలుగా పోయాలి, తడపాలి, తొక్కించాలి, వాటం తప్పకుండా లేపాలి. ఒక్కచోట పల్లం మిగిలితే వాన నీళ్లు అక్కడే కూడతాయి, గాడి పడుతుంది, గాడి లోతవుతుంది. మా ఎనిమిది వందల గజాల్లో జరిగినదే అక్కడ జరిగితే పోయేది లక్షన్నర కాదు.

పెద్దనాయన సాగర్ డ్యాం పనికి పోలేదు, అప్పటికి ఆయన చిన్న పిల్లోడు. మా తాత పోయిండు. పెద్దనాయన ఆ తర్వాత కాలువల మీద పని నేర్చుకున్నడు. "తాత ఏం జెప్పిండు సాగర్ గురించి?" అని అడిగితే, "నీళ్లు అబద్ధం సెప్పవు అని జెప్పిండు" అన్నడు. నేను రాసుకున్న.

అదే కాలంలో, కనెక్టికట్‌లో

సాగర్‌లో తలమీద తట్టలు మోస్తున్న కాలంలోనే, అమెరికాలో ఇంకో కథ నడుస్తోంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ రోడ్ల పిచ్చి మొదలైంది. 1956లో చట్టం చేసి 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ హైవేలు అనుకున్నారు. రోడ్డు కోసం కొండను కోస్తే రెండు పక్కలా నిటారు మట్టి గోడలు మిగులుతాయి. అక్కడ మనిషి నిలబడలేడు, ట్రాక్టర్ ఎక్కదు. గడ్డి పెరగకపోతే మట్టి రోడ్డు మీదికి జారుతుంది.

కనెక్టికట్ రాష్ట్ర హైవే విభాగంలో మారిస్ మాండెల్ అనే ఆయన 1950ల మొదట్లో ఒక ఉపాయం కనిపెట్టాడు. గింజను నీళ్లలో కలిపి పైపుతో చల్లితే? మనిషి ఎక్కలేని చోటుకు కూడా గింజ చేరుతుంది. హైడ్రోసీడింగ్ అక్కడే పుట్టింది. తర్వాత దానికి పీచు, జిగురు, రంగు ఒక్కొక్కటీ చేరాయి.

అంటే హైడ్రోసీడింగ్ పుట్టింది ఇంటి లాన్ కోసం కాదు, ఇంజనీర్లు ముందే కొలిచి, కోసి, వాటం ఇచ్చిన రోడ్డు పక్క ఏటవాళ్ల కోసం. గ్రేడింగ్ అయిపోయిన తర్వాత వచ్చే పని అది. మేం వీడియోలో చివరి పది నిమిషాలు చూసి, ముందున్న నెలల పనిని ఎగరగొట్టినం. కోడింగ్ భాషలో చెప్పాలంటే డేటాబేస్ లేకుండా యాప్‌కు రంగులు వేసినం.

ఇంకో రెండు ముచ్చట్లు మీకు నచ్చుతాయి. ఆ ద్రావణంలో వాడే జిగురుల్లో బాగా పేరున్నది గ్వార్ గమ్. గ్వార్ అంటే మన గోరుచిక్కుడు. కూరకు వాడే కాయ ముదిరి గింజైతే దాని పిండి నుంచే ఆ జిగురు వస్తుంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించేది మన దేశమే, అందులో ఎక్కువ రాజస్థాన్‌లో.

రెండోది, మేం డబ్బులు పోసి తెప్పించిన బెర్ముడా గ్రాస్. అది మన గరికే. వినాయకచవితికి పత్రిలో పెట్టే గరిక. రైతు పొలంలో పీకలేక తిట్టుకునే గరిక. క్రికెట్, గోల్ఫ్ మైదానాల్లో కనపడే టిఫ్‌వే 419 లాంటి రకాలు దాని సంకరాలు. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ బృందం తయారుచేసి 1960లో విడుదల చేసింది. అది గొడ్డు సంకరం, మొలకెత్తే గింజ కట్టదు. పిలకలతో లేదా పలకలతోనే వేయాలి. కాబట్టి ఎవరన్నా మీకు "ఫలానా హైబ్రిడ్ గింజ" అని 419 అమ్మితే మోసపోకండి.

గింజకు కవచం తొడిగి కదలకుండా ఉంచే ఆలోచన మన జిల్లాకూ తెలుసు. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా గింజలను బంకమట్టిలో చుట్టి ఉండలుగా చల్లే పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశాడు. పిట్టలు తినకుండా, ఎండకు మాడకుండా వాన వచ్చేదాకా గింజ అందులో ఆగుతుంది. 2021లో మహబూబ్‌నగర్ జిల్లా మహిళా సంఘాల వాళ్లు రెండు కోట్లకు పైగా ఇట్లాంటి సీడ్‌బాల్స్ చేశారు. వాటితో పేర్చిన వాక్యం గిన్నిస్ రికార్డు ఎక్కింది. మా అవ్వ కూడా సంఘంతో కూర్చుని ఉండలు చేసింది. ఆమెను అడిగితే అన్నది: "గుట్ట మీద జారేకాడ ఏస్తే కిందికి దొర్లుతది. రాయి సాటున ఏస్తే నిలుస్తది." చూశారా, మళ్లీ వాటమే.

రెండోసారి

సరే, మా లాన్ ఏమైంది? ఓనర్‌ను బతిమాలి ఇరవై రోజులు గడువు తీసుకున్నం. పని పెద్దనాయన చేయించిండు. మీకు పనికొస్తుంది కాబట్టి వరుసగా చెప్తా.

మొదలు కొలత. పారదర్శకంగా ఉండే సన్న పైపులో నీళ్లు నింపి, ఒక కొస నేను, ఒక కొస తమ్ముడు పట్టుకున్నం. రెండు కొసల్లో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. ఆ మట్టం నుంచి నేల దాకా రెండుచోట్లా కొలిస్తే, తేడా ఎంతో అదే వాటం. 60 అడుగుల పొడవులో 9 అడుగులు దిగుతోంది. వందకు పదిహేను. ఎర్ర నేలకు అది చాలా ఎక్కువ.

తర్వాత పై మట్టి. మొదటి నాలుగైదు అంగుళాల మట్టిలోనే జీవం ఉంటుంది. దాన్ని తీసి పక్కన కుప్ప పోయించిండు. జేసీబీ తొక్కి గట్టిపడిన కింది నేలను గడ్డపారలతో వదులు చేయించిండు.

మూడోది, పై నుంచి వచ్చే నీళ్లను ఆపడం. ఇంటి కప్పు నీళ్లన్నీ ఒకే పైపులోంచి మా ఏటవాలు నెత్తిన పడుతున్నాయని మేం గమనించనే లేదు. పైన అడ్డంగా చిన్న కాలువ తీసి ఆ నీళ్లను పక్కకు మళ్లించి, రాళ్లు పేర్చిన దారిలో దించినం.

నాలుగోది, పొడవైన జారుడును విరగ్గొట్టడం. మధ్యలో నాలుగు అడుగుల వెడల్పు మెట్టు ఒకటి తీసినం. నీళ్లు ఎంత దూరం ఆగకుండా ఉరికితే అంత బలం వస్తుంది. సగంలో ఆపితే బలం రాదు. ఆ మెట్టు కూడా పూర్తి చదునుగా లేదు, వంద అడుగులకు అర అడుగు చొప్పున పక్కకు వాలి ఉంటుంది. మెట్టు అంచున వట్టివేరు నాటినం. దీని వేర్లు మూడు మీటర్ల లోతుకు కూడా దిగుతాయి. 1980లలో ప్రపంచబ్యాంకు తరఫున మన దేశంలో పనిచేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే వ్యవసాయ నిపుణుడు మట్టి ఆపడానికి దీన్ని ప్రచారం చేశాడు. కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు అంతకు చాలా ముందు నుంచే గట్ల మీద పెంచుతున్నారు.

ఐదోది, పై మట్టి తిరిగి పరిచి, దంతెతో ఏటవాలుకు అడ్డంగా గీతలు గీయడం. పైనుంచి కిందికి గీస్తే ప్రతి గీతా ఒక కాలువ. అడ్డంగా గీస్తే ప్రతి గీతా ఒక చిన్న కట్ట. మొదటిసారి మేం అందంగా ఉంటదని పైనుంచి కిందికే గీసినం.

ఆ తర్వాతే ట్యాంకర్ తెచ్చి మళ్లీ చల్లినం. రెండు గంటలే పట్టింది. దాని ముందు పని పదకొండు రోజులు పట్టింది. తొమ్మిదో రోజు మొలక కనపడింది. మూడు వారాలు రోజుకు రెండు మూడుసార్లు పల్చగా తడిపినం, పైపు ధార కొట్టకుండా. గడ్డి మూడు అంగుళాలు దాటినాక మొదటి కోత. ఆగస్టులో గట్టి వాన వచ్చింది. కింద తూర్పు మూల ఒక్క మంచమంత జాగా కోసుకుపోయింది. మిగిలినదంతా నిలబడింది. ఆ మూలకు కూడా పెద్దనాయన తిట్లు పడ్డయి, కొలత అక్కడ తీసింది నేనే కాబట్టి.

లాభం రాలేదు. నా లక్షన్నరలో సగం వెనక్కి వచ్చింది. తమ్ముడికి రెండు కొత్త ఆర్డర్లు వచ్చినయి.

బిల్లు రాసేటప్పుడు వాడు ఒక కొత్త లైన్ పెట్టిండు: నేల వాటం చూసినందుకు, ఇంత. ఆ డబ్బు తీసుకపోయి పెద్దనాయన చేతిలో పెడితే, ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి అడిగిండు: "మట్టి మోసినందుకు పైసలిచ్చిండ్రు గని, వాటం జూసినందుకు గూడ ఇస్తరారా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకుండె. యాభై ఏళ్లు ఆయనకు తట్టల లెక్కన కూలీ ఇచ్చారు. కన్నుకు ఎవరూ ఇవ్వలే. ఇంజనీర్ గీసిన గీతను నేల మీద నిజం చేసింది ఆ కన్నే. చెరువు కట్టలు, సాగర్ కట్టలు, కాలువ గట్లు, వాటి మీద ఇవాళ పెరిగే గడ్డి అన్నీ దాని మీదనే నిలబడి ఉన్నాయి.

ఫ్రెండ్స్, నాదొక్కటే రిక్వెస్ట్. మీ ఇంట్లో తాతో, పెద్దనాయనో, అవ్వో మట్టిపనికి పోయి ఉంటే ఈ రాత్రి అడగండి. ఏ డ్యాం, ఏ కాలువ, ఏ రోడ్డు, మేస్త్రీది ఏ ఊరు, ఎన్నేళ్లు. ఫోన్‌లో రికార్డ్ చేయండి. వాళ్లు సిగ్గుపడితే మీరు సిగ్గుపడకండి. మీ ఊరు, మీవాళ్లు పనిచేసిన ప్రాజెక్ట్ పేరు కామెంట్‌లో రాయండి. వాటన్నిటితో ఒక మ్యాప్ తయారుచేద్దామని ఉంది, దానికి కోడ్ నేనే రాస్త. ఈ మధ్య వేరే ఏం కోడ్ రాయలేదు, చేతులు మర్చిపోకుండా ఉంటాయి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఊరెక్కడ అని ఎవరన్నా అడిగితే, నాది పాలమూరు. ఉంటా మరి, నమస్తే.